ఎం1 పోయింది, ఎం2 ముందుంది: ఇంజనీరింగ్ లెక్కలు ఎలా చదవాలి?

నాగావళి_ఒడ్డు

అందరికీ నమస్కారం. నేను ఈసీఈ ఫస్టియర్, రెండో సెమిస్టర్. మాది శ్రీకాకుళం పక్కన ఒక పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం. లెక్కల్లో నేనెప్పుడూ వెనకబడలేదు. ఇంటర్‌లో 1ఏ, 1బీ, 2ఏ, 2బీ నాలుగు పేపర్లలో ఏ దాంట్లోనూ 75కి 68 తగ్గలేదు. అలాంటిది బీటెక్‌లో మొదటి సెమిస్టర్‌లోనే ఎం1, అంటే మొదటి మ్యాథ్స్ పేపర్, పోయింది. అమ్మకి చెప్పాను, నాన్నకి ఇంకా చెప్పలేదు.

పరీక్షలో ఏం జరిగిందో చెబుతాను. ఒక మ్యాట్రిక్స్ ఇచ్చారు. మొదటి వరుస 6, −2, 2. రెండోది −2, 3, −1. మూడోది 2, −1, 3. ఐగెన్ విలువలు, ఐగెన్ వెక్టర్లు కనుక్కోమన్నారు. విలువలు 8, 2, 2 వచ్చాయి. 8కి వెక్టర్ కూడా వచ్చింది. 2 దగ్గర క్లాసులో చెప్పినట్టే క్రాస్ మల్టిప్లికేషన్ చేస్తే సున్నా, సున్నా, సున్నా వచ్చింది. ఎక్కడో తప్పు చేశాననుకుని మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అవే మూడు సున్నాలు. నలభై నిమిషాలు దాని మీదే పోయాయి. మిగతా యూనిట్లు సగం సగం రాసి వచ్చేశాను.

ఇప్పుడు ఎం2లో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, మల్టిపుల్ ఇంటిగ్రల్స్, వెక్టర్ కాలిక్యులస్ ఉన్నాయి. నోట్సులో స్టెప్పులన్నీ ఉన్నాయి, చూసి చేయగలను. పుస్తకం మూస్తే ఏదీ గుర్తుండటం లేదు. నా చదువులో తప్పు ఎక్కడుంది? సప్లీకి, ఎం2కి కలిపి ఎలా చదవాలి?

కోడ్_కొండాపూర్

చెల్లీ, ముందు కంగారు పడకు. నాకూ ఎం1 పోయింది, సప్లీలో గట్టెక్కాను, ఇప్పుడు ఉద్యోగంలో ఆరో ఏడు. అయితే దీన్ని థర్డ్ ఇయర్ దాకా లాగొద్దు. క్యాంపస్‌కి వచ్చే చాలా కంపెనీలు యాక్టివ్ బ్యాక్‌లాగ్ (ఇంకా పాస్ కాని పేపర్) ఉంటే పరీక్షకే కూర్చోనివ్వవు.

నా సలహా సూటిగా చెబుతా. గత ఐదేళ్ల ప్రశ్నపత్రాలు తీసుకో. ఏ యూనిట్ నుంచి ఏ మోడల్ మళ్లీ మళ్లీ వస్తోందో రాసుకో. ఒక్కో మోడల్‌వి నాలుగేసి లెక్కలు చేతితో చెయ్యి. యూనిట్‌కి రెండు మోడళ్లు గట్టిగా వస్తే పాసవుతావు. లోతుగా అర్థం చేసుకోవడం తర్వాత చూసుకోవచ్చు. నేను చేసే పనిలో ఇంతవరకు ఒక్క ఇంటిగ్రేషన్ కూడా చేయాల్సి రాలేదు.

సుద్దముక్క

అమ్మా, నేను పదిహేడేళ్లుగా ఈ ఎం1, ఎం2 చెబుతున్నాను. నీ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నువ్వు కొట్టేసిన ఆ మూడు సున్నాలు తప్పు కాదు. ఆ లెక్కకి ప్రాణం అక్కడే ఉంది.

లామ్డా, అంటే ఐగెన్ విలువ, 2 పెట్టి కర్ణం మీద ఉన్న ప్రతి అంకెలోంచి 2 తీసెయ్యి. వరుసలు ఇలా వస్తాయి: 4, −2, 2. తర్వాత −2, 1, −1. తర్వాత 2, −1, 1. ఒక్క నిమిషం పెన్ను పక్కన పెట్టి వాటిని చూడు. మొదటి వరుస మూడోదానికి రెట్టింపు. రెండోది మూడోదానికే మైనస్ గుర్తు. అంటే నీ దగ్గర ఉన్నవి మూడు సమీకరణాలు కావు, ఒక్కటే: 2ఎక్స్ − వై + జడ్ = 0. క్రాస్ మల్టిప్లికేషన్‌కి రెండు వేర్వేరు సమీకరణాలు కావాలి. ఒకే సమీకరణాన్ని రెండుసార్లు ఇస్తే అది సున్నాలు కాక ఇంకేమిస్తుంది?

మూడు తెలియని రాశులు, ఒక్క సమీకరణం. కాబట్టి రెండింటిని నీ ఇష్టం వచ్చినట్టు తీసుకోవచ్చు. జడ్ సున్నా అనుకుంటే (1, 2, 0) వస్తుంది. వై సున్నా అనుకుంటే (−1, 0, 2) వస్తుంది. నీకు కావలసిన రెండు వెక్టర్లు ఇవే. పక్కవాళ్లకి వేరే అంకెలు వచ్చినా, అవి ఆ సమీకరణంలో సరిపోయి, ఒకదానికొకటి గుణిజాలు కాకపోతే చాలు, వాళ్లదీ రైటే. పిల్లలు ఇక్కడ చాలా బెదిరిపోతారు, జవాబు ఒక్కటే ఉండాలన్న అలవాటుతో.

ఇంకొకటి చూడు. 8కి నీకు వచ్చిన వెక్టర్ (2, −1, 1) అయి ఉండాలి. ఆ అంకెలే 2ఎక్స్ − వై + జడ్‌లో ఉన్నాయి. ఇంటర్‌లో తలం సమీకరణం చదివావు కదా, దానికి అభిలంబం ఏదో గుర్తు చేసుకో. ఈ మ్యాట్రిక్స్ ఒక తలంలో ఉన్న ప్రతి సదిశనీ రెట్టింపు చేస్తుంది, ఆ తలానికి నిలువుగా ఉన్నదాన్ని ఎనిమిది రెట్లు సాగదీస్తుంది. దిశ మారకుండా సాగే ఆ సదిశలే ఐగెన్ వెక్టర్లు, ఎన్ని రెట్లు సాగాయో అదే ఐగెన్ విలువ. మొత్తం లెక్క ఇంతే. బొమ్మ మనసులో ఉంటే స్టెప్పులు మర్చిపోయినా మళ్లీ పుట్టించుకోవచ్చు.

కోడ్_కొండాపూర్ గారూ, పాత పేపర్లు చేయమన్నది మంచి మాటే, నేనూ మా పిల్లలకి అదే చెబుతాను. కానీ ఈ అమ్మాయి మోడల్ తెలియక ఫెయిల్ అవలేదు. మోడల్ అంతా వచ్చు. అది ఎక్కడ పనిచేయదో ఎవరూ చెప్పలేదు.

లేత్_మెషిన్

సార్ పోస్టు చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. నేను మెకానికల్. సెకండియర్‌లో సాలిడ్ మెకానిక్స్‌లో మోర్ సర్కిల్ గీయించారు, వస్తువులో ఏ దిశలో ఎంత స్ట్రెస్ ఉందో చూపే వృత్తం. జర్మన్ ఇంజనీర్ ఓటో మోర్ 1882లో ఇచ్చిన పద్ధతి. కంపాస్ పట్టుకుని వంద సర్కిళ్లు గీసి ఉంటాను. ప్రిన్సిపల్ స్ట్రెస్ (అన్ని దిశల్లోకీ ఎక్కువ, తక్కువ స్ట్రెస్) అంటే ఐగెన్ విలువేనని ఒక్కరూ చెప్పలేదు. చదువైపోయాక నాలుగేళ్లకి నాకు నేనే చూసుకున్నాను.

ఒక దిశలో స్ట్రెస్ 70, రెండో దిశలో 10, షియర్ 40 అనుకోండి. సర్కిల్ గీస్తే కేంద్రం 40, వ్యాసార్ధం 50, అంటే 90, −10. అదే 70, 40. 40, 10 అని మ్యాట్రిక్స్ రాసి ఐగెన్ విలువలు కడితే కర్ణం మీది అంకెల మొత్తం 80, డిటర్మినెంట్ −900, మళ్లీ 90, −10. ఎం1 చెప్పిన సార్ ఒక బిల్డింగ్‌లో, సాలిడ్ మెకానిక్స్ చెప్పిన సార్ ఇంకో బిల్డింగ్‌లో. మధ్యలో మేము ఒకే లెక్కని రెండు పేర్లతో రెండుసార్లు బట్టీ పట్టాం. నాకు ఇప్పటికీ బాధ ఇదే.

ఇద్దరు_పిల్లల_తండ్రి

అమ్మా, లెక్కల సంగతి పెద్దలు చెబుతున్నారు. నాకు తెలిసింది ఒక్కటే, నాన్నకి చెప్పెయ్యి. మా పెద్దోడు ఏడాది దాచాడు. సప్లీ ఫీజుకి స్నేహితుల దగ్గర అప్పు చేశాడు. మార్కులు పోయినందుకు నేను బాధపడలేదు, వాడు ఒక్కడే ఏడాది పాటు మోసుకు తిరిగినందుకు బాధపడ్డాను.

220కేవీ_యార్డు

నేను ట్రిపుల్ఈ, సబ్‌స్టేషన్‌లో ప్రొటెక్షన్ పని. 'ఉద్యోగంలో ఇంటిగ్రేషన్ రాలేదు' అన్న తమ్ముడి మాట ఆయన పనికి నిజమే కావచ్చు. మా దగ్గర అలా కాదు.

ఇంటర్ 2ఏలో ఒకటి ఘనమూలాలు చదివారు కదా, 1, ఒమేగా, ఒమేగా స్క్వేర్, మూడూ కూడితే సున్నా. అప్పట్లో రెండు మార్కుల ప్రశ్న అని చదివేసి వదిలేశాను. త్రీఫేజ్ కరెంటులో మూడు ఫేజులు 120 డిగ్రీల ఎడంతో ఉంటాయి. అవి సరిగ్గా ఆ మూడు ఘనమూలాలే. లోడు సమానంగా ఉన్నప్పుడు న్యూట్రల్‌లో కరెంటు ఎందుకు ఉండదంటే ఆ మూడూ కూడితే సున్నా కాబట్టి. 1918లో ఫోర్టెస్క్యూ అనే ఇంజనీర్ ఆ ఒమేగాతోనే ఒక మ్యాట్రిక్స్ కట్టి, ఎంత అస్తవ్యస్తంగా ఉన్న త్రీఫేజ్ కరెంటునైనా మూడు సమతుల్యమైన భాగాలుగా విడదీయొచ్చని చూపించాడు. ఒక ఫేజు తెగి నేల మీద పడితే రిలే (లైన్‌ని కాపాడే పరికరం) దాన్ని పసిగట్టేది ఆ లెక్కతోనే. నేను రోజూ చూసే పని ఇది.

చెల్లెమ్మా, నువ్వు ఈసీఈ కాబట్టి ఒక పని చెబుతాను, చేస్తావా? కాలేజీ పక్కన ఎలక్ట్రానిక్స్ కొట్టులో 100 కిలో ఓమ్ రెసిస్టర్, 100 మైక్రో ఫ్యారడ్ కెపాసిటర్ ఒక్కొక్కటి కొనుక్కో. 9 వోల్టుల బ్యాటరీకి రెండూ సిరీస్‌లో పెట్టు. కెపాసిటర్ మీద ప్లస్, మైనస్ గుర్తు ఉంటుంది, తిరగెయ్యకు. మల్టీమీటర్ దాని రెండు కాళ్లకీ పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి చూడు.

నీ ఎం2 మొదటి యూనిట్‌లో లీనియర్ ఈక్వేషన్ ఉంది కదా. వీ కెపాసిటర్ మీది వోల్టేజీ, ఆర్ రెసిస్టర్ విలువ, సి కెపాసిటర్ విలువ. డీవీ బై డీటీ ప్లస్ వీ బై ఆర్‌సి ఈక్వల్ టు 9 బై ఆర్‌సి. ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ ఈ పవర్ టీ బై ఆర్‌సి. ముందు కాగితం మీద సాల్వ్ చెయ్యి. ఇక్కడ ఆర్, సి గుణిస్తే సరిగ్గా 10 సెకన్లు. పది సెకన్లకి 63 శాతం, అంటే 5.7 వోల్టులు రావాలి. ఇరవైకి 7.8. ముప్పైకి 8.55. మీటర్ ఏమంటుందో చూసి ఇక్కడ రాయి.

ఈసెట్_బ్యాచ్

నాది ఇంకో బాధ, ఎవరూ దీన్ని మాట్లాడరు. డిప్లొమా చేసి ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరాను. ఈసెట్‌లో 200 ప్రశ్నల్లో లెక్కలవి 50, వాటికోసం గట్టిగానే చదివాను. కానీ రెగ్యులర్ వాళ్లు ఫస్టియర్‌లో చేసిన ఎం1, ఎం2 మాకు ఉండవు. మేం రాగానే సిగ్నల్స్ సార్ ఫోరియర్ మొదలుపెట్టి, 'ఇదంతా మీరు చదివిందే' అన్నారు. మా వరసలో కూర్చున్న ఎనిమిది మందిమి ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

మాకు మోటారు విప్పి వైండింగ్ చేయడం వచ్చు, వర్క్‌షాపులో రెగ్యులర్ వాళ్లు మా దగ్గర నేర్చుకునేవాళ్లు. లెక్కల దగ్గర మాత్రం నోరెత్తలేకపోయేవాళ్లం. చివరికి ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు రాత్రిళ్లు హాస్టల్‌లో విని, సెలవుల్లో ఎం1 మొత్తం మేమే చేసుకున్నాం. మాలాంటి లేటరల్ వాళ్లకి మొదటి నెల రోజులు ఒక బ్రిడ్జి క్లాసు పెట్టినా చాలు. సుద్దముక్క సార్, మీ దగ్గర ఇలాంటిది ఉందా?

సుద్దముక్క

మా దగ్గర రెండేళ్లు సాయంత్రాలు చెప్పాను బాబూ. తర్వాత టైమ్‌టేబుల్‌లో చోటు లేదన్నారు. నువ్వు అడిగింది న్యాయమైన కోరిక.

మా వైపు పరిస్థితి కూడా చెప్పాలి. కౌన్సెలింగ్ ఆలస్యమైన ఏడాది మొదటి సెమిస్టర్ కుంచించుకుపోతుంది. సిలబస్ మాత్రం ఐదు యూనిట్లూ అలాగే ఉంటుంది. క్లాసులో అరవై మంది పైనే. రోల్స్ థీరమ్‌కి బొమ్మ గీసి, కొండ ఎక్కి దిగినవాడు శిఖరం మీద ఒక్క క్షణమైనా సమతలంగా నిలబడాలి కదా అని చెప్పడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో రెండు లెక్కలు చేయించొచ్చు. మిడ్ పరీక్ష దగ్గరపడితే ఏ టీచరైనా రెండు లెక్కలవైపే మొగ్గుతాడు. నేనూ మొగ్గాను. ఇప్పుడు మాత్రం ప్రతి యూనిట్‌లో ఒక్క లెక్కకైనా ఆ పావుగంట ఇస్తున్నాను, మిగతావి ఇంటికి ఇచ్చినా సరే.

సియాటెల్_వాన

అక్కగా ఒక మాట. నేనూ తెలుగు మీడియమే, పాలకొల్లు దగ్గర. ఇక్కడ అమెరికాలో ఎంఎస్‌లో మొదటి లీనియర్ ఆల్జీబ్రా పరీక్షకి పుస్తకం తెచ్చుకోవచ్చన్నారు. పండగే అనుకున్నాను. ప్రశ్నలో ఒక్క అంకె లేదు. 'ఈ మ్యాట్రిక్స్‌కి ఐగెన్ విలువ సున్నా ఉంటే దాని ఇన్వర్స్ గురించి ఏం చెప్పగలవు, ఎందుకు?' అని ఉంది. డిటర్మినెంట్ అంటే ఐగెన్ విలువల లబ్ధమని నాకు తెలుసు. ఒక విలువ సున్నా అయితే లబ్ధం సున్నా, ఇన్వర్స్ ఉండదు. రెండు వాక్యాల జవాబు. 'ఎందుకు' అనేది ఎప్పుడూ రాయలేదు కాబట్టి చెయ్యి ఆడలేదు.

భాష గురించి ఎవరూ రాయలేదు. డెరివేటివ్ అంటే మన అవకలజమే, డిటర్మినెంట్ అంటే నిర్ధారకమే, లిమిట్ అంటే అవధే. ఇది చాలామందికి మొదటి నెలలో తట్టదు. కొత్త సబ్జెక్టు అనుకుని భయపడతారు. నేను నోట్సులో ఎడమవైపు ఇంగ్లిష్ పేరు, కుడివైపు ఇంటర్ తెలుగు పేరు రాసుకున్నాను. ఎం1 మ్యాట్రిక్స్‌లో సగం ఇంటర్ 1ఏలో చేసినదే అని అప్పుడు తెలిసింది.

లేత్_మెషిన్ తమ్ముడూ, నువ్వు మెకానికల్ కాబట్టి ఒకటి. నేనిప్పుడు ఉంటున్న సియాటెల్ నుంచి గంటలోపు టకోమా వెళ్లొచ్చు. 1940లో గాలికి ఊగి కూలిపోయిన వంతెన అక్కడిదే. సెకండ్ ఆర్డర్ ఈక్వేషన్‌లో రెజొనెన్స్‌కి మన క్లాసుల్లో చెప్పే ఉదాహరణ. కొత్త వంతెన మీద కారులో వెళ్తున్నప్పుడల్లా ఎం2 గుర్తొస్తుంది.

సుద్దముక్క

మంచి ఉదాహరణ తెచ్చారు, కాకపోతే ఒక సవరణ చెప్పాలి. ఎందుకంటే నేనూ చాలా ఏళ్లు క్లాసులో తప్పే చెప్పాను. ఆ వంతెన ఆ ఏడాది జూలై 1న తెరిచారు, నవంబర్ 7న కూలింది. రెజొనెన్స్ అంటే బయట నుంచి వచ్చే బలం ఒక నిర్ణీత లయలో పడాలి, అది వంతెన సొంత లయతో కలవాలి. ఆ రోజు గాలి గంటకి సుమారు 64 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా వీస్తోంది, లయ ఏమీ లేదు. వంతెన మెలిక తిరిగే కొద్దీ ఆ కదలికే గాలి నుంచి ఇంకా శక్తి లాక్కుంది. దీన్ని ఫ్లట్టర్ అంటారు.

మన ఈక్వేషన్‌లో చూస్తే కుడివైపు ఏదో సైన్ టర్మ్ వచ్చి కొట్టడం కాదు. ఎడమవైపు డ్యాంపింగ్ గుణకం నెగటివ్ అయిపోవడం. అప్పుడు జవాబులో ఈ పవర్ మైనస్ పోయి ఈ పవర్ ప్లస్ వస్తుంది, ఊపు ప్రతి ఊగుకీ పెరుగుతుంది. ఒక గుర్తు మారితే ఏమవుతుందో ఆ వంతెన కూలిన ఫిల్ములో చూడొచ్చు. పిల్లలు మైనస్ మర్చిపోతే నేను మార్కు కోసేది ఊరికే కాదు.

కోడ్_కొండాపూర్

సుద్దముక్క గారూ, నిన్న నేను రాసింది మళ్లీ చదువుకున్నాను. పాసవ్వమన్న సలహా మార్చను, సప్లీకి రెండు నెలలే ఉంది. కానీ 'లోతు తర్వాత' అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. నాకు ఆ తర్వాత అనేది రాలేదు. పోయినేడాది మా టీమ్‌లో మెషిన్ లెర్నింగ్ పని వచ్చింది. డేటాని రెండు దిశలకి కుదించే పద్ధతి, మొత్తం ఐగెన్ వెక్టర్లే. లైబ్రరీలో ఫంక్షన్ పిలిచి పని నడిపించాను. జవాబు ఎందుకు అలా వచ్చిందని మేనేజర్ అడిగితే చెప్పలేకపోయాను. ఆ పని ఇంకొకరికి వెళ్లింది.

ఇంకొకటి, చెల్లి గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాయాలనుకుంటే ఈసీ పేపర్లో ఇంజనీరింగ్ మ్యాథ్స్ 13 మార్కులు. ఈ ఎం1, ఎం2 నుంచే ఎక్కువ వస్తాయి.

నాగావళి_ఒడ్డు

అందరికీ పేరుపేరునా థాంక్స్. వారం తర్వాత రాస్తున్నాను.

నాన్నకి చెప్పాను. 'ఫీజు ఎప్పుడు కట్టాలి?' అని మాత్రమే అడిగారు.

యార్డు అన్నా, చేశాను. బ్రెడ్‌బోర్డు నా ఫ్రెండ్ ఇచ్చింది. స్టాప్‌వాచ్ తను చూసింది, నేను మీటర్ చూశాను. పది సెకన్లకి 5.7 రాలేదు, 5.4 వచ్చింది. మూడుసార్లు చేశాం, ప్రతిసారీ కెపాసిటర్ కాళ్లు కలిపి ఖాళీ చేసి. మూడుసార్లూ 5.4 దగ్గరే ఆగింది. ముందు మళ్లీ తప్పు చేశాననుకున్నాను. తర్వాత సార్ చెప్పిన సున్నాలు గుర్తొచ్చి, ఇది కూడా ఏదైనా చెబుతోందేమో అని కూర్చున్నాను. 5.4ని 9తో భాగిస్తే 0.6. అంటే ఈ పవర్ మైనస్ టీ బై ఆర్‌సి 0.4 అవ్వాలి. లాగ్ తీస్తే టీ బై ఆర్‌సి 0.916. టీ పది కాబట్టి ఆర్‌సి 10.9 సెకన్లు. అంటే నా కెపాసిటర్ 100 కాదు, 109 మైక్రో ఫ్యారడ్! ఇది కరెక్టేనా?

220కేవీ_యార్డు

కరెక్టే. ఈ రకం కెపాసిటర్ల మీద రాసిన విలువకి 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. మీటర్ కూడా కాస్త కరెంటు తాగుతుంది, రెసిస్టర్‌కీ ఓ ఐదు శాతం తేడా ఉండొచ్చు, కాబట్టి 109 అన్నది ఉజ్జాయింపు. కానీ ఇందాక నువ్వు చేసింది ఏమిటో చూడు తల్లీ. డిఫరెన్షియల్ ఈక్వేషన్‌ని వెనక నుంచి వాడి, చేతిలో ఉన్న వస్తువు విలువ కనిపెట్టావు. మేం కేబుల్‌లో ఫాల్ట్ ఎక్కడుందో కనుక్కునేటప్పుడు చేసేది కూడా ఇలాంటి పనే.

నాగావళి_ఒడ్డు

సార్, ఒక్క ప్రశ్న మిగిలింది. కర్ల్. డిటర్మినెంట్ పెట్టి కట్టడం వచ్చు, స్టోక్స్ థీరమ్ రాయడం వచ్చు. కర్ల్ అంటే తిరగడం అంటారు. నోట్సులో వై ఇంటూ ఐ (ఎక్స్ దిశలో వై అంత వేగం) అనే ఫీల్డుకి కర్ల్ మైనస్ కే అని వచ్చింది. అది తిన్నగా పోయే ఫీల్డు కదా, ఎక్కడా తిరగదు. మరి కర్ల్ సున్నా ఎందుకు కాలేదు?

సుద్దముక్క

అమ్మా, మీ ఊళ్లో నది ఉందిగా. రెండు కొబ్బరి పుల్లలు ప్లస్ గుర్తులా దారంతో కట్టు. వాటి మధ్య ఒక చిన్న బెండు గుచ్చు, తేలుతుంది. నీళ్లు తక్కువగా ఉన్నచోట, పెద్దవాళ్లు ఎవరైనా పక్కన ఉండగా, ఒడ్డు దగ్గర వదిలి చూడు. నడిమి ధారలో కూడా వదిలి చూడు. ఏమైందో ముందు నువ్వు చెప్పు, తర్వాత నేను చెబుతాను.

నాగావళి_ఒడ్డు

సార్, ఆదివారం నాన్నతో వెళ్లాను. ధార మధ్యలో వదిలితే ప్లస్ అలాగే తిన్నగా కొట్టుకుపోయింది, దాదాపు తిరగలేదు. ఒడ్డు పక్కన వదిలితే ముందుకి పోతూనే మెల్లగా తన చుట్టూ తాను తిరిగింది. ఒడ్డు వైపు పుల్ల వెనకబడుతోంది, ధార వైపు పుల్ల ముందుకి లాగుతోంది. నది తిరగడం లేదు, రెండు పక్కలా వేగం తేడా ఉంది, అందుకని పుల్లలు తిరుగుతున్నాయి. వై ఇంటూ ఐలో కూడా వై పెరిగే కొద్దీ వేగం పెరుగుతోంది, అదే కదా మైనస్ కే?

నాన్న రెండోసారి ఆయనే వదిలారు. మేం ఎడమ ఒడ్డున ఉన్నాం, పుల్లలు గడియారం ముల్లుకి ఎదురు తిరిగాయి. అవతలి ఒడ్డున అయితే గడియారంలా తిరుగుతాయా అని అడిగారు. తిరుగుతాయని చెప్పాను, గుర్తు మారుతుంది కాబట్టి.